నాలుగున్నరకు గేటు మూస్తారు

పెళ్లికి పిలిస్తే నేను వెళ్లేసరికి పందిరి గుంజలు పాతుతూ ఉంటారు. దవాఖానాకు వెళితే ఇంకా తాళమే తీసి ఉండదు. రైలు సంగతి చెప్పనే అక్కర్లేదు, నా రైలుకు ముందు వెళ్లే రెండు రైళ్లను సాగనంపితే గాని నాకు తృప్తి ఉండదు. మా ఆవిడ దీనికి పూర్తిగా వ్యతిరేకం. గార్డు జెండా ఊపుతుండగా మెట్లు దిగుతుంది. పరుగెత్తదు కూడా, కొంగు సర్దుకుంటూ నడిచే వస్తుంది. ఇన్నేళ్లలో ఒక్క రైలన్నా తప్పిందా అంటే లేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇలాంటి ఇద్దరికి మా అమ్మాయి ఓడ టికెట్లు కొన్నది.

మేం సూరత్‌లో, పాండేసరలో ఉంటాం. కరీంనగర్ వైపు ఒక పల్లె నుంచి సాంచాల పనికి, అంటే పవర్‌లూములు నడిపే పనికి, పెళ్లి కాకముందే వచ్చి ఇక్కడే ఉండిపోయాను. తెగిన పోగు కంటికి ఆనడం లేదని ఈమధ్యనే పని మానేశాను. అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది, చీరల డిజైన్లు కంప్యూటర్ మీద గీస్తుంది. మా కాపురానికి ముప్పై ఏళ్లు నిండాయని, ఇద్దరం కలిసి సరదాగా వెళ్లిన చోటు ఒక్కటీ లేదని, హజీరా రేవు నుంచి డయ్యూ వెళ్లే ఓడలో మా పేరున ఒక గది తీసుకుంది. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి డయ్యూ. పగలంతా అక్కడ తిరిగి, సాయంత్రం మళ్లీ అదే ఓడలో వెనక్కి రావాలి.

టికెట్లు కొన్న సాయంత్రమే ఫోన్ చూసి చదివి వినిపించింది. "ఇగో బాపూ, ఎక్కించుకునుడు మూడింటికెల్లి. నాలుగున్నరకు గేట్ బంద్. ఐదున్నరకు షిప్ ఎల్లిపోతది. ఐదు మినట్లు లేటైనా లోపలికి రానియ్యరంట."

"అయితే పదింటికల్లా ఆడ ఉందాం" అన్నాను.

"పొద్దుగాల పదింటికా?"

"మరి?"

మా ఆవిడ పొయ్యి మీద రొట్టె తిప్పుతూ, ఇటు తిరక్కుండానే, "నాలుగింటికి పోదాం" అంది.

అలా మొదలైన తగువు పదిహేను రోజులు నడిచింది.

నా తొందర నాకు పుట్టుకతో వచ్చింది కాదు. సూరత్‌లో మొదటి రెండేళ్లు నేను బద్లీగా చేశాను. బద్లీ అంటే సొంత సాంచాలు లేనివాడు. కార్ఖానాలో ఒక్కో మనిషికి ఇన్ని సాంచాలని అప్పగిస్తారు. పొద్దున ఏడింటికి పాళీ, అంటే షిఫ్టు, మారుతుంది. ఏడు దాటి ఐదు నిమిషాలైనా ఎవడన్నా రాకపోతే, గేటు బయట నిలబడ్డ బద్లీల్లో ముందున్నవాణ్ని మాస్టర్ వేలితో చూపించి లోపలికి పిలుస్తాడు. ఆ రోజు పని వాడిది. అందుకని ఐదింటికే వెళ్లి గేటు పట్టుకుని నిలబడేవాళ్లం. ఎవడికో జ్వరం రావాలని, ఎవడి సైకిలో పంక్చర్ కావాలని మనసులో కోరుకునే పని అది. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ అబద్ధం ఎందుకు.

తర్వాత నాకూ సొంతంగా ఆరు సాంచాలు దొరికాయి. దాంతో భయం పోలేదు, ఇటు తిరిగింది అంతే. ఇప్పుడు నా జ్వరం కోరుకునేవాళ్లు గేటు బయట ఉన్నారు. ఒకసారి ఏడూ పదికి వెళితే నా సాంచాల దగ్గర ఎవడో నింపాదిగా నూలు కండె మారుస్తూ కనిపించాడు. వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు గాని, కార్ఖానా గేటు దగ్గర ఎప్పుడూ ముందొచ్చిన చెవులదే రాజ్యం. ఆ పాఠం నాకు ఎముకల్లోకి దిగిపోయింది.

ఓడకు కూడా బద్లీలు ఉంటారనే నా నమ్మకం. టికెట్ దొరకనివాళ్లు రేవు దగ్గర వరుసగా నిలబడి ఉంటారని, నాలుగూ ముప్పై ఒకటికి మా గది వాళ్లకు రాసిస్తారని నాకు కళ్లకు కట్టినట్టు కనిపించేది. అమ్మాయికి చెబితే పడీపడీ నవ్వింది.

"బాపూ, అది షిప్పు, కార్ఖానా గాదు. నీ ఆధార్ నంబర్ ఏసి బుక్ చేసిన. నీ జాగల ఇంకోడు ఎట్ల పంటడు?"

"ఆరు సాంచాల మీద గూడ నా పేరే ఉండె బిడ్డా" అన్నాను.

పిల్ల మంచిదే, ఇద్దరికీ సర్దిచెప్పాలని చూసింది. పాండేసర నుంచి హజీరాకు రెండు బస్సులు, ఒక ఆటో, మొత్తం గంటన్నర. దారిలో కంపెనీల లారీలు అడ్డం పడితే ఇంకో అరగంట. ఒంటిగంటకు బయల్దేరితే మూడింటికి హాయిగా చేరుకోవచ్చని లెక్క వేసి చూపించింది. నేను పది నుంచి పన్నెండుకు దిగాను. నాకైతే అది చాలా పెద్ద త్యాగం. మా ఆవిడ మాత్రం నాలుగు నుంచి ఒక్క నిమిషం కూడా కిందికి దిగలేదు.

"ఆలస్యం అమృతం విషం అన్నరు" అని నేను.

"నిదానమే ప్రధానం అని గూడ వాళ్లే అన్నరు" అని ఆమె.

"మీ సామెతలకు షిప్పు ఆగదు" అని అమ్మాయి చెప్పులు వేసుకుని పనికి వెళ్లిపోయేది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. మా ఆవిడ చీరలకు రాళ్లు అతికించే పని చేస్తుంది. మార్కెట్ నుంచి చీరలు వస్తాయి, గోడకు ఆనుకుని కూర్చుని, ఒళ్లో పరుచుకుని, మెరిసే చిన్న చిన్న రాళ్లను జిగురుతో అంటిస్తూ ఉంటుంది. నేను మళ్లీ తగులుకున్నాను.

"రెండు గంటలు ముందు పోతే నీదేం పోతది? కుర్చీలుంటయంట, పంకలుంటయంట. జర సల్లగ కూసుంటే ఏమైతది?"

ఆమె చేతిలోని చీరను పక్కకు జరిపింది. గొంతు పెంచలేదు.

"నేను ఏడ గూడ కూసోను. నా కూసునుడంత సూరత్ టేషన్‌ల ఒక్కనాడే అయిపోయింది. ఓడ పోతే పోనీ. నేను మాత్రం ముందుగాల పోయి ఎవ్వల కోసం కూసోను. నీకంత కాయిషుంటే ఒక్కనివే పో."

మళ్లీ చీర ఒళ్లోకి లాక్కుంది. ముప్పై ఏళ్లలో ఆ స్టేషన్ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. తగువు ఓడ గురించి కాదని, ఆమె నిజంగానే రాకపోవచ్చని అప్పుడు అర్థమైంది.

ఆ స్టేషన్ సంగతి చెప్పాలి. పెళ్లయిన ఆరు నెలలకు, సొంత సాంచాలు దొరికి గది తీసుకున్నాక, ఆమెను ఇక్కడికి రమ్మని ఉత్తరం రాశాను. అహ్మదాబాద్ వెళ్లే వాళ్ల దూరపు బంధువు ఒకాయన తోడుగా తీసుకొచ్చి సూరత్‌లో దింపి, అదే రైల్లో ముందుకు వెళ్లిపోయేటట్టు ఏర్పాటు. రైలు పొద్దున ఏడింటికి వస్తుంది. "దిగిన చోటే నిలబడు, ఎటూ కదలకు. నేను ముందే వచ్చి ఉంటాను" అని ఉత్తరంలో రాశాను. ఆ వాక్యం కింద గీత కూడా గీశాను.

అప్పుడు నాది రాత్రి పాళీ. మామూలుగా ఆరున్నరకల్లా పగటి మనిషి వచ్చి సాంచాలు చేతికి తీసుకుంటే, నేను సైకిల్ తొక్కుకుంటూ సమయానికి స్టేషన్‌లో ఉండాలి. హోలీ అయిన మర్నాడు అది. పగటి మనిషి రాలేదు. గేటు బయట బద్లీలూ లేరు, సగం మంది ఊళ్లకు వెళ్లారు, సగం మంది నిద్ర లేవలేదు. వేరే మనిషి చేతికి తీసుకోనిదే సాంచాలు వదిలి వెళ్లకూడదన్నది కార్ఖానా కట్టుబాటు. మాస్టర్‌ను అడిగాను. "వెళ్లు, కానీ రేపు రాకు" అన్నాడు. ఆ సాంచాలు దొరికి రెండు నెలలు కూడా కాలేదు. నేను ఉండిపోయాను. పగలంతా నడిపాను. సాయంత్రం ఏడింటికి వదిలితే స్టేషన్‌కు వెళ్లాను.

ఇప్పుడైతే ఎవరితోనో కబురు పంపొచ్చు కదా అనిపిస్తుంది. పక్క సాంచాలవాణ్ని ఒక గంట చూడమని కాళ్లు పట్టుకుని ఉండొచ్చు. నేను గట్టిగా అడగలేదు. ఈ కథ ఎప్పుడన్నా ఎవరికైనా చెప్పాల్సి వస్తే మాస్టర్ మీదికి తోసేవాణ్ని. నిజం ఏమిటంటే నాకు భయం వేసింది, భార్య ఎక్కడికి పోతుందిలే, సాంచాలు పోతాయి అనుకున్నాను.

ఆమె దిగిన చోటే, పెట్టె మీద కూర్చుని ఉంది. ఏమీ అనలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాతా అనలేదు. నేను దాన్ని క్షమించడం అనుకున్నాను, కొన్నాళ్లకు మరిచిపోవడం అనుకున్నాను. అప్పటి నుంచి ఆమె ఎక్కడికీ ఒక్క నిమిషం ముందు రాకపోవడాన్ని మాత్రం బద్ధకం అనుకున్నాను. ఎంత తెలివైనవాణ్నో చూడండి.

రెండు రోజులు ఓడ మాట ఎత్తలేదు. మూడో రోజు ఆమె చీర మడత పెడుతుంటే రెండో కొస పట్టుకుని చెప్పాను.

"ఒక పని జేద్దాం. నేను పదింటికే పోత. నువ్వు నీకు ఎప్పుడు పానం ఒప్పితే అప్పుడు రా. ఈపాలి నేను కూసుంట."

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. వెటకారం చేస్తున్నానేమోనని చూసిందనుకుంటా.

"ఫోన్ల మీద ఫోన్లు చేస్తవ్" అంది.

"చెయ్య."

"గంటకోపాలి చేసినవంటే ఇంట్లకెల్లి కదల."

"చెయ్య అంటున్న గదనే."

అమ్మాయి ఇద్దరి ఫోన్లలోకీ టికెట్ పంపింది. ఆధార్ కార్డులు ఎవరివి వాళ్ల దగ్గర పెట్టింది. "దునియాల ఎవ్వలన్న గిట్ల పోతరా? ఒక్క షిప్పుకు ఇద్దరు రెండు తీర్ల" అని నెత్తి కొట్టుకుంది.

ఆ రోజు ఎనిమిదింటికి బయల్దేరాను. మా ఆవిడ రెండు డబ్బాల్లో చపాతీలు, ఉల్లిగడ్డ కారం పెట్టి నా సంచిలో సర్దింది. "ఆకలైతే నీది నువ్వు తిను" అని చెప్పి తలుపు వేసుకుంది. పదికి ఇంకా పది నిమిషాలుండగా రేవు గేటు దగ్గర నిలబడ్డాను. ఒక్క మనిషి లేడు. నా బద్లీలు ఒక్కరూ రాలేదు. గార్డు టిఫిన్ డబ్బా విప్పుకుంటున్నాడు. మా ఆధార్ నంబరు చెప్పి, మా గది ఇంకెవరికీ ఇవ్వొద్దని హిందీలో గట్టిగా చెప్పాను. అతను తినడం ఆపి నన్ను ఎగాదిగా చూశాడు.

"చాచా, మీ గది ఎవరు తీసుకుంటారు? మీ పేరు రాసి ఉంది. మూడింటికి రండి."

"ఇక్కడే ఉంటాను. నా భార్య రావాలి."

అతను జాలిపడి కూర్చునే హాలు తలుపు తీశాడు. అందులో నూరు కుర్చీలకు తక్కువ ఉండవు, అన్నీ ఖాళీ. నేను రోడ్డు కనిపించేటట్టు అద్దం పక్కన ఒకదాంట్లో కూర్చుని, పక్క కుర్చీ మీద నా తువ్వాలు పరిచాను. తర్వాత గార్డు అటుగా వచ్చి ఆ తువ్వాలు వంక చూసి, నవ్వు ఆపుకుని వెళ్లిపోయాడు.

మొదటి గంట గర్వంగానే గడిచింది. ముందొచ్చినవాణ్ని కదా. సముద్రం కనిపించలేదు, లారీలు, గోడలు, దూరంగా ఓడ పైభాగం తెల్లగా కనిపించాయి. అక్కడి నుంచి చూస్తే అదేదో కొత్తగా సున్నం వేసిన మేడలా ఉంది. రెండో గంటకు కాళ్లు తిమ్మిరెక్కాయి. మూడో గంటకు బాత్‌రూమ్‌కు వెళ్లాల్సి వచ్చింది. ఆమె నాలుగింటికి వస్తానని చెప్పిందని తెలుసు, అయినా లేవలేకపోయాను. నేను లేని ఆ రెండు నిమిషాల్లోనే వస్తే? ఖాళీ కుర్చీ చూసి, వచ్చిన దారినే వెళ్లిపోతే? చివరికి గార్డుకు ఆమె ఆనవాళ్లు చెప్పి పరుగున వెళ్లి పరుగున వచ్చాను. వచ్చి కూర్చున్నాక తట్టింది. ఆ రోజు ఆమె ఎలా వెళ్లి ఉంటుంది? పక్కన ఇత్తడి సామాన్లున్న ట్రంకు పెట్టె. చుట్టూ తెలియని భాష. ఎటూ కదలొద్దని గీత గీసి మరీ రాసినవాణ్ని నేను.

ఈ ముప్పై ఏళ్లలో ఆ సంగతి నాకు తట్టలేదంటే మీరు నమ్మరు. ఆమె పన్నెండు గంటలు కూర్చుందని తెలుసు. కానీ పన్నెండు గంటలంటే ఏమేం ఉంటాయో ఎన్నడూ విప్పి చూడలేదు. దాహం ఉంటుంది. నల్లా పది అడుగుల దూరంలోనే ఉన్నా అది దూరమే. ఆకలి ఉంటుంది. వచ్చేపోయేవాళ్లు మొహంలోకి చూస్తారు. రెండు డబ్బాలు నా సంచిలోనే ఉన్నాయి, నాది విప్పాను, మూత తీసి మళ్లీ పెట్టేశాను.

మూడింటికి జనం వచ్చారు. సూరత్‌లోనే వరాఛా వైపు నుంచి వచ్చిన పెద్ద కుటుంబం ఒకటి, డబ్బాల కొద్దీ ఫలహారాలతో, ఫోటోలు దిగుతూ హాలంతా నిండిపోయింది. ఒకావిడ వచ్చి తువ్వాలు ఉన్న కుర్చీ చూపించి ఎవరన్నా ఉన్నారా అని గుజరాతీలో అడిగింది. ఉన్నారన్నాను. కాసేపటికి వరుస మొదలై అందరూ లోపలికి వెళ్లారు. హాలు మళ్లీ ఖాళీ అయింది.

నాలుగైంది. ఆమె రాలేదు. నాలుగూ ఐదు. రోడ్డు మీద ఏ బండి కనిపించినా లేచి నిలబడుతున్నాను. బస్సు దిగి ఆటో ఎక్కే చౌరస్తాలో లారీలు ఎంత ఎడాపెడా వస్తాయో పొద్దున చూశాను. ఆమె రోడ్డు దాటేటప్పుడు ఒక పక్కే చూస్తుంది, ఎన్నిసార్లు చెప్పినా రెండో పక్క చూడదు. నాకు చెడు ఆలోచనలు మొదలయ్యాయి. నాలుగూ పదికి మాట తప్పి ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. తిట్టడానికైనా ఎత్తవే అని ఆ ఖాళీ హాల్లో పైకే అన్నాను.

గార్డు వచ్చాడు. "చాచా, మీరు లోపలికి వెళ్లండి. చాచీ వస్తే నేను పంపిస్తాను."

"ఆమె వస్తేనే వెళ్తాను. లేకపోతే లేదు" అన్నాను. అంతటి మొండితనం నేను ఆ రోజు మాస్టర్ ముందు చూపించి ఉంటే బాగుండేది.

నాలుగూ ఇరవై రెండుకు రోడ్డు మలుపులో కనిపించింది. ఆటో లేదు, నడిచి వస్తోంది. ఒక చేతిలో సంచి, ఇంకో చేత్తో కుచ్చిళ్లు పైకి పట్టుకుని, ఎన్నడూ తొందరపడని మనిషి పరుగులాంటి నడకతో వస్తోంది. మొహం ఎర్రగా కందిపోయింది. నేను గేటు దాటి ఎదురు పరుగెత్తాను. దగ్గరికి వచ్చాక ఇద్దరికీ ఊపిరి ఆడలేదు. ముందు ఆమే మాట్లాడింది.

"ఎప్పుడచ్చినవ్? తిన్నవా?"

"ఇగ ఇప్పుడే" అన్నాను.

"ఎక్కడి ఇప్పుడే, పొద్దున పది కాకముందు నుంచీ ఇక్కడే" అని గార్డు గేటు దగ్గర నుంచే హిందీలో అరిచాడు.

ఆమె నా చేతిలోని సంచి తీసుకుని బరువు చూసింది, డబ్బాలు అలాగే ఉన్నాయని తెలిసిపోయింది. లోపలికి వెళుతూ చెప్పింది. నేను వెళ్లాక ఇంట్లో చెయ్యి పని మీదికి పోలేదట. ఒక్క చీరకు కూడా రాళ్లు పడలేదట. పన్నెండున్నరకే తాళం వేసి బయల్దేరిందట. "నువ్వు తినకుంట కూసుంటవని నాకెర్క" అంది. రెండో బస్సు దిగేసరికి చౌరస్తాలో లారీ అడ్డం తిరిగి దారంతా బంద్ అయిందట. కార్లు చుట్టుదారిన పోతున్నాయి గాని, ఒక్క ఆటో వాడూ ఒప్పుకోలేదట. రెండు గంటలకు పైగా చూసి చూసి, నడవడం మొదలుపెట్టిందట. ఫోన్ సంచి అడుగున ఎక్కడో ఉంది. జీవితంలో మొదటిసారి ముందు బయల్దేరిన రోజే ఆమెకు నిజంగా ఆలస్యమైంది.

నాలుగూ ఇరవై ఆరుకు ఓడ ఎక్కాం. మా వెనకే గేటు మూశారు. గదిలో సంచులు పెట్టి, కాసేపు నడుం వాల్చి, డబ్బాలు తీసుకుని పైకి వెళితే, అందరూ ఓడ ముందు వైపు ఫోటోలకు వెళ్లారు, వెనక వైపు ఒక బల్ల ఖాళీగా ఉంది. డబ్బాలు విప్పుకున్నాం. ఐదున్నరకు ఓడ కదిలింది. లంగరు వేసిన ఇంకో ఓడా, కంపెనీల పొగగొట్టాలూ మెల్లగా వెనక్కి జరిగాయి. నేను చపాతీ తుంచి చేతిలో పట్టుకుని, ముప్పై ఏళ్లుగా అడగని మాట అడిగాను.

"ఆనాడు టేషన్‌ల ఎంతసేపు కూసున్నవే?"

ఆమె నములుతున్న ముద్ద మింగింది. ఎందుకు అడుగుతున్నావని అడగలేదు.

"ఏడింటికి దిగిన. నువ్వచ్చేటాలకు లైట్లు ఏసిండ్రు. ఊడ్చే ఆమె రెండుమాట్ల అచ్చింది. లెవ్వమన్నది, నేను లెవ్వలే. నా సుట్టుతా ఊడ్సుకుంట పోయింది."

"నీళ్లు?"

"గా ఊడ్చే ఆమెనే తెచ్చిచ్చింది, మాపటీలి."

"నా మీద మస్తు కోపమొచ్చిందా?"

"కోపమా?" అంది. నీళ్ల వైపు చూసింది. "కోపం ఎక్కడిది? నువ్వు సచ్చిపోయినవనుకున్న. ముందే అచ్చి ఉంట అని గీత గీసి రాసినోడు రాలేదంటే సాంచాల పడ్డడనుకున్న. పొద్దటికెల్లి మాపటిదాంక నాకదే ఆలోచన. ఎవ్వల నడగాలె, ఏ దవాఖానల ఎతకాలె, ఇంటికి ఏమని చెప్పాలె. నువ్వు మెట్లు దిగుడు సూసిన. బతికే ఉన్నడనుకున్న. ఏడుపచ్చింది. నువ్వేమో అచ్చీ రాంగనే ‘పెట్టె భద్రమేనా, పద, ఆటో పోతది’ అన్నవ్."

నేను అన్న మాట నాకు గుర్తు లేదు. ఆమెకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. క్షమించడమూ కాదు, మరిచిపోవడమూ కాదు, కోపమైనా కాదు. ఎక్కడైనా కూర్చుని నా కోసం చూడాల్సి వస్తే ఆమెకు నేను మళ్లీ చచ్చిపోతానన్నమాట. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి, దాచుకోలేదు. గాలికి అని చెప్పుకోవచ్చు గాని, గాలికి కాదు.

"ఇయ్యాల నాలుగింటికెల్లి నేను గూడ గదే అనుకున్న" అన్నాను. "చౌరస్తకాడ లారీ..."

"ఛీ, నోర్ముయ్యి" అంది. డబ్బాలోంచి ఇంకో చపాతీ తీసి నా చేతిలో పెట్టింది. "తిను ముందుగాల."

అప్పుడు తప్పైందని చెప్పాను. ముప్పై ఏళ్లు ఆలస్యంగా చెప్పాను. ప్రతి పెళ్లికీ పందిరి కంటే ముందు వెళ్లే మనిషిని నేను. ఆమె ఊఁ అంది, కారం డబ్బా నా వైపు జరిపింది. సూర్యుడు పూర్తిగా దిగేదాకా అక్కడే కూర్చున్నాం.

మర్నాడు డయ్యూలో దిగాక, మా తగువులో మాకు ఏదో ఒకటి మిగలాలి కదా, మళ్లీ ఆ ప్రశ్న వచ్చింది. తిరుగు ఓడకు కూడా నాలుగున్నరకే గేటు మూస్తారు. కోట గోడ నీడన కొబ్బరినీళ్లు తాగుతూ, ఈసారి నేను పెదవి విప్పకూడదని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాను. ఆమే అడిగింది.

"రేవుకాడికి ఎన్నింటికి పోదాం?"

"నీ ఇష్టం. నాలుగింటికి పోదామంటే నాలుగింటికే."

ఆమె బొండాం పక్కన పెట్టి మూతి తుడుచుకుంది.

"ఇప్పుడే పోదాం పా. ఇద్దరం ఒక్కకాడనే ఉంటం గదా, కూసుంటే ఏమైతది?"

పదకొండింటికల్లా చేరుకున్నాం. గేటు ఇంకా తియ్యలేదు. బయట ఒక సిమెంటు అరుగు ఉంటే, నా భుజం మీది తువ్వాలు తీసి దులిపి పరిచి, ఆమే ముందు కూర్చుంది.